కాలీబంగన్ సాళ్లు, నా మూడో అటెంప్టు

మొన్న ఆర్కియాలజీలో యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రిజల్ట్ వచ్చింది. జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేయడానికిచ్చే ఫెలోషిప్, కొట్టాను. "అన్నా, ఎలా చదివావ్" అని అడుగుతున్నవాళ్లందరికీ ఒకేసారి చెబుతున్నాను.

అన్ని సబ్జెక్టులవాళ్లకీ ఉండే పేపర్ వన్‌కి పాత పేపర్లు చేయండి, చాలు. అసలు కథ రెండో అటెంప్టుది. జేఆర్‌ఎఫ్ రెండు మార్కుల్లో పోయింది, అంటే ఒక్క ప్రశ్న. కీ చూసుకుంటే కాలీబంగన్ (రాజస్థాన్‌లోని సింధు నాగరికత ఊరు) దగ్గర తప్పు. తొలి హరప్పా కాలంలో దున్నిన పొలం, 1960ల తవ్వకాల్లో ఊరి గోడ బయట ఆగ్నేయంగా దొరికిందే, అది. తూర్పు-పడమర సాళ్ల మధ్య సుమారు 30 సెంటీమీటర్లు, ఉత్తర-దక్షిణ సాళ్ల మధ్య 190. నేను తిరగేసి పెట్టాను. కార్డు మీద రాసుకుని మరీ బట్టీ పట్టిన అంకెలు!

వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒక రాత్రి అన్నాల దగ్గర నాన్న "ఇంతకీ తప్పేందిరా" అంటే, పళ్లెం పక్కన నీళ్లతో గీసి చూపించాను. ఆయన ఒక్క చూపు చూసి, "మనం వేరుశనగలో కంది వేయట్లేదా? పెద్ద చెట్టుకి ఎడం, చిన్నదానికి దగ్గర. దీనికి మూడేళ్లు చదవాలా" అన్నాడు.

తవ్వినవాళ్లు గమనించిందీ అదే. తవ్వకాల నాటికీ అక్కడి రైతులు అలాగే దున్ని, ఎడం సాళ్లలో ఆవాలు, దగ్గర సాళ్లలో పప్పుజాతి పంట వేసేవారు. ఆవ మొక్క ఎత్తుగా లేస్తుంది. సాలు ఉత్తర-దక్షిణంగా ఉంటే మధ్యాహ్నపు నీడ ఆ సాలు మీదే పడి, పక్క పంటకి ఎండ తగులుతుంది. ఆ కాలంలో ఏం వేశారో మాత్రం సాళ్లు చెప్పవు. ఆప్షన్లలో అక్కడ జాగ్రత్త.

ఆ తర్వాత సిలబస్ మొత్తం చేను కళ్లతోనే చదివాను. బ్రిటిష్ ఆర్కియాలజిస్టు ఆల్చిన్ తవ్విన ఉట్నూరు బూడిద దిబ్బ అంటే అన్నాళ్లూ ఆదిలాబాద్ అనుకున్నాను (నవ్వకండి), అది మక్తల్ వైపుది. అక్కడి బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు దొరికాయి. దొడ్లో పేరుకున్న పేడ తగలబడి దిబ్బయిందని ఒకసారి అర్థమైతే ఇక మర్చిపోరు. దక్షిణాది నవీన శిలాయుగపు ఉలవలు, పెసలు, అండుకొర్రలు కూడా అంతే, మన వంటింటివే. ఐర్లండ్ కేజె ఫీల్డ్స్ (Céide Fields), పాపువా న్యూగినీ కూక్ చిత్తడి లాంటి పాతకాలపు సాగు చోట్లని మ్యాపు ముందు పెట్టుకుని చదవండి.

పద్నాలుగు గంటలు చదివామనేవాళ్లని నమ్మకండి. నేను ఆరే చదివాను, కానీ ఒక్కరోజూ మానలేదు. మూడేళ్లు ఖాళీగా కూర్చున్నానని చుట్టాలు అనుకుంటున్నారు గానీ, సాయంత్రం ట్యూషన్లు చెప్పి నా ఫీజులు నేనే కట్టుకున్నాను. మా అత్త నిన్న ఫోన్ చేసి, "ఉద్యోగమేనా, మళ్లీ చదువా" అంది. జేఆర్‌ఎఫ్ అంటే ఏంటో ఆమెకి చెప్పడం ఇంకా పూర్తవలేదు.