అరవై రోజులు నిండకముందే

మా పాపకు పుట్టిన మూడో రోజు కామెర్లు కనిపించాయి. పిల్లలందరికీ వచ్చేవే, పొద్దుటెండ చూపించండి అన్నారు. చూపించాం. నెల దాటినా కళ్లలో పసుపు తగ్గలేదు. పాలు బాగానే తాగుతోందని ఎవరూ కంగారు పడలేదు. దగ్గర్లోని ఆసుపత్రిలో మొత్తం బిలిరుబిన్ (రక్తంలో పెరిగితే కామెర్ల పసుపు తెచ్చే పదార్థం) ఒక్కటే చూసి, తల్లిపాల వల్ల అలా ఉంటుందిలే అని పంపేశారు.

అనుమానం వచ్చింది మా అత్తయ్యకే. "గుడ్డలు ఎంత ఉతికినా పసుపు మరక పోవట్లేదమ్మా. దొడ్డికేమో సున్నం ముద్దలా వెళ్తోంది" అంది. నలభై రెండో రోజున వేరే పిల్లల డాక్టరు గారికి ఆ మాటే చెప్పాను. నేను సంచిలో పెట్టుకెళ్లిన గుడ్డను ఆయన కిటికీ దగ్గర వెలుతురులో విప్పి చూశారు. పసిపిల్లల మూత్రానికి రంగు ఉండకూడదట, మలానికి రంగు లేకుండా ఉండకూడదట. మా పాపకు రెండూ తారుమారయ్యాయి.

అదే రోజు రక్తపరీక్ష చేయించారు. మొత్తం బిలిరుబిన్ 9.6, అందులో డైరెక్ట్ (లివర్ మార్చి పైత్యరసంలోకి పంపే భాగం) 6.1. అంటే లివర్ తన పని చేస్తోంది, కానీ పైత్యరసం పేగుల్లోకి దిగడం లేదు. కామెర్లు రెండు వారాలు దాటితే ఈ డైరెక్ట్ సంగతి అడిగి మరీ చూపించుకోండి. నేను అడగలేదు, నాకు తెలియదు.

నాలుగు గంటలు పాలివ్వకుండా స్కానింగ్ చేశారు. ఆ ఏడుపు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. పిత్తాశయం ముడుచుకుపోయి ఉందన్నారు. తర్వాత పైత్యరసం బాగా కదలడానికి ఐదు రోజులు ఫినోబార్బిటోన్ సిరప్ పట్టి, అది పేగుల్లోకి దిగుతోందో లేదో చూపించే హైడా స్కాన్ చేశారు. ఇరవై నాలుగు గంటలైనా ఎక్కించిన మందు పేగుల్లో కనిపించలేదు. బిలియరీ అట్రీసియా, అంటే పైత్యరస నాళాలు మూసుకుపోవడం. ఆపరేషన్ బల్ల మీద రంగు ఎక్కించి ఎక్స్‌రే తీశాకే అది ఖాయమైంది.

అరవై రోజుల లోపు ఆపరేషన్ చేస్తే ఫలితం మెరుగని చెప్పడంతో రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపాం. యాభై నాలుగో రోజున కసాయ్ ఆపరేషన్ జరిగింది. మొరియో కసాయ్ అనే జపాన్ సర్జన్ పద్ధతి అది. పాడైన నాళాలు తీసేసి పేగును నేరుగా లివర్‌కు కుట్టారు. ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు గుడ్డ మీద దొడ్డికి ఆకుపచ్చ రంగు కనిపిస్తే, అంటే పైత్యరసం దిగుతోందని తెలిస్తే, అత్తయ్య దాన్ని పట్టుకుని వార్డంతా తిరిగి చూపించింది.

ఇప్పుడు పాపకు పది నెలలు. రోజూ విటమిన్ చుక్కలు వేస్తున్నాం. జ్వరం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగే. ముందు ముందు లివర్ మార్పిడి అవసరం పడొచ్చని కూడా చెప్పారు. మొన్నటి రిపోర్టులో డైరెక్ట్ 0.4.