కార్తీకం అయిపోయాక పెట్టిన దీపం

మేం వార్సాలో ఉంటాం, పోలండ్‌లో. 2016లో వెళ్ళాం, అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు, చిన్నోడు అక్కడే పుట్టాడు. మా ఊరు కళింగపట్నం దగ్గర, శ్రీకాకుళం నుంచి బస్సెక్కితే గంట లోపే. 2024 డిసెంబర్‌లో మా తమ్ముడి పెళ్ళికి అందరం ఊరెళ్ళాం. పెళ్ళయిన రెండో రోజు 13వ తారీఖు, శుక్రవారం, వీధిలో షామియానా ఇంకా విప్పలేదు, ఇంటి నిండా చుట్టాలు, ఎవరి చాప మీద వాళ్ళు నడుం వాల్చి కబుర్లాడుకుంటున్నారు. రాత్రి ఏడు దాటాక మా అమ్మాయి వచ్చి నా కొంగు పట్టుకుని, అమ్మా కొవ్వొత్తి ఉందా, ఏడున్నర అయిపోతోంది అంది. కరెంటు ఉంది కదే అన్నాను, నాకు నిజంగా తారీఖు గుర్తు లేదు. తనే వంటింట్లో వెతుక్కుని ఒకటి తెచ్చి వీధివైపు కిటికీలో వెలిగించింది.

మా అమ్మ చూసి, "ఏటే గుంటా, కార్తీకం ఎల్లిపోయి పన్నెండ్రోజులైపోనాది, ఇప్పుడు దీపమేటి?" అంది.

"అమ్మమ్మా, ఇది దేవుడికి కాదు. మిలిటరీ వచ్చిన రోజు ఇది."

అంతే, గదిలో అందరూ లేచి కూర్చున్నారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరొచ్చారు అని. తనకి వచ్చిన తెలుగులో చెప్పింది, మాట దొరకనప్పుడు నావైపు చూసింది, నేను అందించాను. పోలండ్‌లో 1981 డిసెంబర్ 13 ఆదివారం, జనరల్ యారుజెల్‌స్కీ అనే ఆయన దేశం మొత్తం సైనిక పాలన పెట్టాడు. రాత్రికి రాత్రి వేల మందిని పట్టుకుపోయారు, ఫోన్లు పనిచేయలేదు, రోడ్ల మీద ట్యాంకులు. పొద్దున్నే పిల్లలు లేచి టీవీ పెడితే వాళ్ళ ఆదివారం ప్రోగ్రాం రాలేదు, దాని బదులు యూనిఫాం వేసుకున్న మనిషి ప్రసంగం వచ్చింది. పోలండ్‌లో ఇప్పుడు యాభై ఏళ్ళు దాటిన వాళ్ళని ఎవరిని అడిగినా ముందు ఈ టీవీ సంగతే చెప్తారు. మా చిన్నోడికి ఈ కథలో అర్థమైంది కూడా అదే, కార్టూన్లు ఎందుకు ఆపారు, పిల్లలేం చేశారు అని వాడు ఇప్పటికీ అడుగుతాడు.

అంతకు ముందు సంగతి కూడా చెప్పింది. 1980 ఆగస్టులో గ్దాన్‌స్క్ ఊళ్ళో ఓడలు కట్టే యార్డ్‌లో క్రేన్ నడిపే ఆవిడ ఒకావిడ, అన్నా వాలెంతినోవిచ్, ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతుందనగా పనిలోంచి తీసేశారు, ఎందుకంటే ఆవిడ కార్మికుల తరఫున గట్టిగా మాట్లాడేది. ఆవిణ్ణి మళ్ళీ తీసుకోండి అని యార్డ్ మొత్తం పని ఆపేసింది, అలా మొదలైందే సాలిడారిటీ అనే యూనియన్, ఏడాది తిరిగేసరికి దాదాపు కోటి మంది సభ్యులు. దాన్ని అణచడానికే ఆ సైనిక పాలన. మా మావయ్య విజయనగరం వైపు జూట్ మిల్లులో చేసి రిటైరయ్యారు, అప్పటిదాకా పడుకుని వింటున్న మనిషి లేచి కూర్చుని, "ఒక్క మనిషిని తీసేస్తే అందరూ బయటికొచ్చినారా, అదీ యూనియనంటే" అన్నారు. పోలండ్ ఎక్కడుందో ఆయనకి తెలీదు, అయినా గేటు బయట నిలబడటం అంటే ఏంటో తెలుసు, అది సరిపోయింది.

ఇంక కొవ్వొత్తి సంగతి. మిలిటరీ వచ్చిన ఆ 1981లోనే, క్రిస్మస్ ముందు రాత్రి వాటికన్‌లో పోప్ జాన్ పాల్, ఆయనదీ పోలండే, తన కిటికీలో కొవ్వొత్తి పెట్టారు. అమెరికా ప్రెసిడెంట్ రీగన్ టీవీలో మాట్లాడి పోలండ్ జనం కోసం మీరు కూడా కిటికీల్లో వెలిగించండి అని అడిగారు. చాలా దేశాల్లో పెట్టారు. కొవ్వొత్తులతోనే ఆగలేదు, వేరే దేశాల యూనియన్ల వాళ్ళు డబ్బు పోగేసి, అచ్చు యంత్రాలూ ఇంకూ రహస్యంగా పంపించారు, వాటితో పోలండ్ లోపల దొంగచాటుగా పేపర్లు వేసుకున్నారు. 1989 జూన్‌లో ఎన్నికలు పెడితే సెనేట్‌లో 100 సీట్లకి 99 సాలిడారిటీ గెలిచింది. అందుకే ఇప్పటికీ డిసెంబర్ 13 రాత్రి ఏడున్నరకి అక్కడ కిటికీల్లో కొవ్వొత్తులు కనిపిస్తాయి, మా ఇంట్లోనూ పెడతాం, మా అమ్మాయి ఊళ్ళో ఉన్నా మానలేదు.

మా బావ ఒకాయన ఉన్నారు, ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. ఎవరి దేశం గొడవ వాళ్ళది, అమెరికా వాళ్ళు దీపాలు పెట్టమన్నారంటే వాళ్ళ అవసరం ఉండే ఉంటుంది అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది, నేను కాదనలేదు. పోలండ్ కోసం కొవ్వొత్తి పెట్టమన్న ఆ రీగన్ గారే 1986లో దక్షిణాఫ్రికా జాతి వివక్ష ప్రభుత్వం మీద ఆంక్షల చట్టాన్ని వీటో చేశారు. అయితే కథ అక్కడితో అయిపోలేదు, వాళ్ళ కాంగ్రెస్ ఆ వీటోని కొట్టేసి చట్టం చేసింది, ఎందుకంటే యూనివర్సిటీల్లో పిల్లలు, చర్చిల వాళ్ళు, నల్లజాతి నాయకులు ఏళ్ళ తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. నాయకులకి అవసరాలుంటాయి బావా, వాళ్ళని కూర్చోనివ్వకుండా చేసే జనం ఉంటేనే ఆ అవసరం దాటి వస్తారు అన్నాను. మనం మాత్రం, 1946లోనే, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాకముందే, దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేశాం, ప్రపంచంలో మొదట ఆపింది మనమే. మనకీ బయటివాళ్ళు నిలబడ్డారు. ఎమర్జెన్సీలో 1976లో కార్మిక నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ని పట్టుకున్నప్పుడు జర్మనీ నుంచి విల్లీ బ్రాంట్, ఆస్ట్రియా నుంచి క్రైస్కీ, స్వీడన్ నుంచి ఓలోఫ్ పాల్మే మన ప్రభుత్వాన్ని అడిగారు, ఆ మనిషికి ఏమీ కాకూడదు అని. లండన్‌లో మనవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి జయప్రకాశ్ నారాయణ్‌ని విడిచిపెట్టమని ఉద్యమం నడిపారు. అప్పుడు మన గొడవ మనదే అని వాళ్ళు అనుకోలేదు కదా.

2000 జూన్‌లో వార్సాలోనే, మేం ఉండే ఊళ్ళోనే, 106 దేశాలు కూర్చుని ప్రజాస్వామ్యం గురించి ఒక డిక్లరేషన్ మీద సంతకాలు పెట్టాయి, పోలండ్ విదేశాంగ మంత్రి గెరెమెక్, అమెరికా విదేశాంగ మంత్రి మాడెలీన్ ఆల్‌బ్రైట్ ముందుండి నడిపారు, ఆ సమావేశానికి అందరినీ పిలిచిన దేశాల్లో ఇండియా కూడా ఒకటి. ఇది మా అమ్మాయికి చాలా ఇష్టమైన విషయం, రెండు దేశాలూ ఒకే కాగితం మీద ఉన్నాయని. సంతకం పెట్టిన వాళ్ళందరూ మాట నిలబెట్టుకున్నారా అంటే లేదు, అది కూడా దానికి చెప్పాను.

ఈ మాటలన్నీ అవుతున్నంతసేపూ మా అమ్మ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. సముద్రం గాలికి కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది, రెండుసార్లూ తనే వెలిగించింది. తర్వాత మెల్లగా, "మాకూ అలాగే అయినాది, రంగంలో" అంది.

మా వైపు వాళ్ళకి రంగం అంటే చెప్పక్కర్లేదు, రంగూన్. ఒకప్పుడు కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి ఓడలెక్కి బర్మా పనికి వెళ్ళని కుటుంబం మా చుట్టుపక్కల తక్కువ. మా తాతమ్మ వాళ్ళ నాన్న 1942లో జపాన్ వాళ్ళొచ్చినప్పుడు అడవుల్లో పడి నడిచొచ్చాడట, యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళాడు. మా అమ్మ 1954లో అక్కడే పుట్టింది. 1962లో జనరల్ నే విన్ ప్రభుత్వాన్ని లాక్కున్నాడు, 1964లో షాపులన్నీ జాతీయం చేశారు, యాభై, వంద చాట్ నోట్లు చెల్లవన్నారు. మా తాతకి చిన్న కిరాణా ఉండేది. పొద్దున్న ఉన్న షాపు సాయంత్రానికి మిలిటరీ వాళ్ళదైపోయిందట, గల్లాపెట్టెలో నోట్లు కాగితాలైపోయాయి. "మా నాయిన ఏటీ మాటాడలేదు, మూడ్రోజులు మంచం దిగలేదు. ఓడెక్కినప్పుడు మాయమ్మ చెవులివీ తీసీసుకున్నారు. పదేళ్ళ పిల్లని నాను, వైజాగులో దిగీసినాం, ఏసుకున్న గౌనే ఉంది నాకు."

ఈ మాట నేను నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి విన్నాను. రంగం నుంచి వచ్చారని తెలుసు, ఎందుకొచ్చారని ఎప్పుడూ అడగలేదు, మా ఇళ్ళలో పెద్దవాళ్ళని అలా అడగం. మా అమ్మాయి అడిగింది. అదీ ఊరుకోలేదు, అప్పుడు ఎవరైనా మీ కోసం కొవ్వొత్తి పెట్టారా అమ్మమ్మా అని అడిగింది. మా అమ్మ ఆలోచించి, "లేదమ్మా, ఎవులికి తెలుసు" అంది.

నిజమే. బర్మా కోసం ప్రపంచం నిలబడటానికి చాలా ఏళ్ళు పట్టింది. 1988లో జనం రోడ్డెక్కాక, 1990 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూకీ పార్టీ గెలిచినా మిలిటరీ దిగకపోయాక అప్పుడు కదిలారు. 1993లో దలైలామా, డెస్మండ్ టూటూ ఇంకా కొందరు నోబెల్ వచ్చిన వాళ్ళు కలిసి థాయ్‌లాండ్ దాకా వచ్చారు, బర్మాలోకి రానివ్వలేదు. మా అమ్మకి సూకీ అంటే ప్రాణం, రేడియోలో పేరొస్తే పని ఆపేది. 2017లో అక్కడి రోహింగ్యా ముస్లింల మీద జరిగిన ఘోరానికి ఆవిడ అడ్డుపడలేదని, పైగా 2019లో హేగ్‌లో అంతర్జాతీయ కోర్టుకి వెళ్ళి తన దేశాన్ని సమర్థించిందని మా అమ్మాయి స్కూల్లో చదువుకుంది, అది మొహమాటం లేకుండా చెప్పేసింది. నాకు గుండె ఆగినంత పనైంది, పెద్దావిడ మనసు నొచ్చుకుంటుందేమోనని. మా అమ్మ కాసేపు ఊరుకుని, "అయితే తప్పే. మమ్మల్ని పంపీసినప్పుడు కూడా ఎవులూ అడ్డుపడలేదు" అంది. 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ మిలిటరీ వచ్చింది, ఆవిణ్ణి మళ్ళీ పట్టుకున్నారు, అప్పుడు నిరసనగా మూడు వేళ్ళెత్తి రోడ్ల మీదకొచ్చిన వాళ్ళు చాలామంది మా అమ్మాయి కంటే కొంచెం పెద్ద పిల్లలు, అంతే.

తల్లిగా నన్ను వదలని విషయం ఇంకొకటుంది. 1983లో సాలిడారిటీ నాయకుడు వాలెన్సాకి నోబెల్ శాంతి బహుమతి వస్తే, దేశం దాటితే మళ్ళీ రానివ్వరేమోనని ఆయన వెళ్ళలేదు, భార్య దనూతా వెళ్ళి తీసుకుంది. 1991లో సూకీ బహుమతి ఆవిడ కొడుకులిద్దరూ తీసుకున్నారు. 2022లో బెలారస్ మానవ హక్కుల ఉద్యమకారుడు అలెస్ బియాలియాత్‌స్కీ జైల్లో ఉంటే భార్య తీసుకుంది. 2023లో ఇరాన్ మానవ హక్కుల ఉద్యమకారిణి నర్గిస్ మొహమ్మదీ జైల్లో ఉంది, కవల పిల్లలు అలీ, కియానా వెళ్ళి అమ్మ రాసిన ప్రసంగం చదివారు, వాళ్ళు అమ్మని చూసి అప్పటికే ఏళ్ళయిపోయింది. ఆ వీడియో మేం ఇంట్లో కలిసి చూశాం. మా అమ్మాయి నన్నేమీ అడగలేదు, వచ్చి పక్కన ఆనుకుని కూర్చుంది. దాని క్లాసులో బెలారస్ నుంచి వచ్చేసిన పిల్ల ఉంది, ఉక్రెయిన్ పిల్లలు ముగ్గురున్నారు, అందులో ఒకడి నాన్న ఇంకా అక్కడే. వీళ్ళకి ఇవి వార్తలు కావు, పక్క బెంచీ.

పెళ్ళిలో ఒకరిద్దరు అన్నారు, మీ పిల్లకి భయం లేదు, పెద్దాళ్ళతో సమానంగా మాట్లాడుతుంది అని. నేనూ ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను. ఇంట్లో ఏదైనా తేలాలంటే అందరం చేతులెత్తుదాం అంటుంది, నన్నడగకుండా ఎందుకు డిసైడ్ చేశారు అంటుంది, ఈ పెళ్ళికి స్కూల్ మానిపించినందుకు కూడా అడిగింది, నేను కసిరాను. ఎదురు చెప్పడం అక్కడ నేర్చుకుంది, గౌరవం ఇక్కడ నేర్చుకోవాలి అని నా మనసులో గీత గీసుకున్నాను. ఆ రాత్రి అది వాళ్ళ అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకునే అన్నీ అడిగింది, అడిగింది కాబట్టే అరవై ఏళ్ళుగా బయటికి రాని మాట బయటికొచ్చింది. నేను గౌరవం అనుకుని అడగకుండా ఉన్న ఏళ్ళన్నీ మా అమ్మ ఒక్కతే మోసింది కదా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొవ్వొత్తి మూడోసారి ఆరిపోయాక మా అమ్మ లోపలికెళ్ళి ప్రమిద తెచ్చి, నువ్వుల నూనె పోసి, గుమ్మం పక్కన గూట్లో పెట్టింది, అక్కడ గాలి తగలదు. మా అమ్మాయి ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసింది. కరెంటు పోయేదాకా నలభై నిమిషాలు మాట్లాడింది మా అమ్మ. ఓడ ఎక్కిన పొద్దుటి దాకా వచ్చి ఆగింది. వార్సా తిరిగొచ్చాక మా అమ్మాయి ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మిగతాది చెప్పించుకుంటోంది, పక్కనే చిన్నోడు కూర్చుని, రంగంలో టీవీ ఉండేదా అమ్మమ్మా అని అడుగుతున్నాడు.