కొండపల్లి కోట నుంచి నలభై మీటర్ల బ్యాండ్

పాత సైనిక బంకర్ల పక్కన యాంటెన్నా వేసి హ్యామ్ రేడియో (లైసెన్సుతో సొంత సెట్టు మీద దూరపు వాళ్లతో మాట్లాడే అభిరుచి) నడపడం బ్రిటన్‌లో చాలామందికి సరదా. అణుదాడులను కనిపెట్టడానికి పెట్టిన రాయల్ అబ్జర్వర్ కోర్ దళం కోసం నేలలోకి తవ్వి కట్టిన పోస్టులు అక్కడ 1500కు పైగా ఉండేవి. 1991లో ఆ దళం పని ఆగిపోయాక మిగిలినవాటిని హ్యాములు వెతుక్కుంటూ వెళ్తున్నారు. మన కోస్తాలో అలాంటిదంటే విశాఖ బీచ్‌లోని రెండో ప్రపంచ యుద్ధం నాటి పిల్‌బాక్స్ (తుపాకీ సందులున్న కాపలా గది) గుర్తొస్తుంది. విజయవాడ వాళ్లకు చేతికందే దూరంలో ఉన్న సైనిక కట్టడం కొండపల్లి కోట. రెడ్డిరాజులు, గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు ఏలాక 1766లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. వాళ్లు కూడా దాన్ని సైన్యానికే వాడుకున్నారు.

రేడియో సెట్టు పట్టుకుని ఆ కోటకు డిసెంబరు ఉదయం చీకటితోనే బయలుదేరాం. వేసవిలో ఆ రాళ్ల మీద పది దాటాక కూర్చోలేం. గొల్లపూడి మీదుగా ఇబ్రహీంపట్నం రింగ్ దాకా హైదరాబాద్ రోడ్డు, అక్కడ కుడికి తిరిగితే కొండపల్లి, ఆపైన ఘాట్ రోడ్డు. దారి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

గేటు దగ్గర మాత్రం చెప్పాల్సింది ఉంది. పొడవాటి గొట్టం, తీగల చుట్టలు, నల్లపెట్టె చూస్తే ఎవరికైనా అనుమానమే. "డ్రోనా సార్? డ్రోన్ ఎగరెయ్యనివ్వరండీ" అన్నాడు కాపలాదారు. లైసెన్సు కాపీ, పురావస్తు శాఖకు ముందే పెట్టుకున్న అర్జీ కాపీ చూపించి, గోడకు మేకు కొట్టం, బురుజుకు తాడు కట్టం, నేల తవ్వం అని చెప్పాం. ఈ మూడు మాటలూ అర్జీలోనే రాస్తే పని తేలిక. లైసెన్సు మీద వీయూ2, వీయూ3 అని మొదలయ్యే కాల్‌సైన్ వేలితో చూపిస్తే "ఓహో, తుపాన్లప్పుడు మాట్లాడతారే, అదా" అని వదిలాడు.

కోటలోకి వెళ్లగానే అన్నిటికంటే ఎత్తైన బురుజెక్కి యాంటెన్నా వేయాలనిపిస్తుంది. మేం వాడే 40 మీటర్ల బ్యాండ్‌కు, అంటే 7 మెగాహెర్ట్జ్ తరంగాలకు, ఆ ఎత్తుతో పెద్దగా పనిలేదు. పగటిపూట 7 మెగాహెర్ట్జ్ సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, ఆకాశంలో పైనుండే అయనోవరణం పొర నుంచి తిరిగి కిందికి పడి, చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్లు కమ్ముతుంది. కొండ మీదున్నా గుట్ట చాటునున్నా దానికి ఒకటే. కావలసింది నాయిస్ (రేడియోలో వినిపించే కరెంటు గోల) లేని చోటు. కొండపల్లిలో అదే కష్టం, ఎందుకంటే ఇబ్రహీంపట్నం వైపు హైటెన్షన్ లైన్లు చాలా ఉన్నాయి.

అందుకని సామాను దించకముందే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో పట్టుకుని కోటంతా తిరిగాం. మీడియం వేవ్‌లో ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్‌కు బాగా దూరంగా, ఏ స్టేషనూ లేనిచోట ముల్లు పెట్టి, వాల్యూమ్ కదపకుండా నడవాలి. బుర్రుమనే మోత పెరిగితే లైన్లో, కరెంటు ఉన్న గదులో దగ్గర్లో ఉన్నట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 100 హెర్ట్జ్ లయలో వస్తుంది, చెవి త్వరగానే పట్టేస్తుంది. మంచు పడే ఉదయం ఇన్సులేటర్లు తడిసి కరోనా డిశ్చార్జ్ (గాలిలోకి కరెంటు కారడం) ఎక్కువవుతుంది, ఎండెక్కాక తగ్గుతుంది. పొడిగా ఉన్నప్పుడే మోగి, తడికి ఆగిపోతే అది వదులు బిగింపుల దగ్గర స్పార్కు. మేం విన్నది మొదటి రకం. తొమ్మిది దాటేసరికి సగానికి పైగా తగ్గింది. ఆలోగా లైన్ల వైపు కాకుండా ఉత్తరాన, శిథిలమైన ప్రహరీ చాటున ఓ చదును దొరికింది. చూపుకు ఏమీ బాగోదు, చెవికి బాగుంది.

యాంటెన్నా ఇన్వర్టెడ్ వీ, అంటే తలకిందుల V ఆకారం. తీగ ఒక్కో వైపు 10.3 మీటర్లు, మధ్యలో 7 మీటర్ల ఫైబర్ గొట్టం, కొసలు నేల నుంచి 2 మీటర్ల పైన. లెక్కకు 10 మీటర్ల చిల్లర చాలు, కానీ తీగ పొడుగ్గా కోసి కొస మడిచి కట్టుకోవడం మంచిది. ఇంటి డాబా మీద కుదిరిన పొడవు పొడి రాతినేల మీద కుదరదు. కొసలో రెండేసి అడుగులు మడవడానికి వదిలితే ఎక్కడైనా సర్దుకోవచ్చు. యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం నానోవీఎన్‌ఏ పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే పవర్‌కు కొలత) అన్నిటికంటే తక్కువగా 6.95 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. ఒక్కో వైపు 10 సెంటీమీటర్లు మడిస్తే 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది, కాబట్టి 20 సెంటీమీటర్లు మడిచాం, 7.09కి వచ్చింది. ఎండలో ఆ స్క్రీన్ కనపడదు, తలమీద తువ్వాలు కప్పుకుని చూడాల్సిందే. కొసలు తలకు పైనే ఉంచాలి. అక్కడ వోల్టేజి ఎక్కువ, పది వాట్లకే వేలు చురుక్కుమంటుంది.

రాతిలో మేకులు దిగవు, కోటలో దించకూడదు కూడా. గొట్టం తాళ్లకు 5 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు కట్టాం. గాలి పెరిగితే ఒక్కోటి చాలదు, రెండేసి వేయాలి. తాగే నీళ్లు మాత్రం విడిగా తీసుకెళ్లండి. మధ్యాహ్నానికి క్యాన్లు ఖాళీ అయితే గొట్టం పక్కకు వాలుతుంది.

సెట్టు మైక్రో బిట్ఎక్స్, హైదరాబాద్‌లో పుట్టిన డిజైను. ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్లతో 40 మీటర్లలో పది వాట్ల దాకా ఇస్తుంది, పై బ్యాండ్లకు వెళ్లేకొద్దీ పవర్ తగ్గుతుంది. మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్లు, వినేటప్పుడు అందులో పదో వంతు. గంటలో మూడో వంతు మాట్లాడినా సగటు 1 ఆంపియర్ లోపే కాబట్టి 6 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పూటకు ధారాళంగా సరిపోతుంది. 5 ఆంపియర్ ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. సెట్టు పక్కన పెడితే మధ్యలో వైరు షార్టయినప్పుడు అది కాపాడదు. ఫోను పవర్‌బ్యాంకు దగ్గర్లో ఉంచొద్దు. అందులోని కన్వర్టర్ గోలకు బలహీనమైన స్టేషన్లన్నీ మునిగిపోతాయి.

ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా బ్యాండు బాగా నడిచింది. పది వాట్లతో సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) పిలుస్తూ కూర్చోవడం దండగ. వంద వాట్లవాళ్లు పిలిచినప్పుడు వాళ్ల మాట ముగిసిన వెంటనే కాల్‌సైన్ ఒక్కసారి స్పష్టంగా చెప్పాలి. హైదరాబాద్ నుంచి 59, విశాఖ నుంచి 57, చెన్నై నుంచి 55 వచ్చాయి (మొదటి అంకె స్పష్టతకు, రెండోది సిగ్నల్ బలానికి). పదకొండు దాటాక అయనోవరణంలో అడుగునుండే డీ పొర శోషణ పెరిగి దూరపు స్టేషన్లు ముందు జారిపోయాయి, హైదరాబాద్ చివరిదాకా నిలిచింది. మూడింటికి మళ్లీ తేరుకుంది. మనకు 7.200 దాకానే అనుమతి, ఆ పైన బ్రాడ్‌కాస్టు స్టేషన్లు. లాగ్‌బుక్‌లో వేళ యూటీసీలో రాయాలి, మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేయాలి. చోటు తెలిపే గ్రిడ్ కోడు ఎన్‌కే06.

మధ్యాహ్నం నీడ కోసం సెట్టు తోరణాల హాల్లోకి మార్చాం, యాంటెన్నా బయటే ఉంది. కేబుల్ 15 మీటర్ల ఆర్‌జీ-58. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అందులో పోయేది 0.7 డెసిబెల్‌కు మించదు కాబట్టి చింత లేదు. అదే కేబుల్ 145 మెగాహెర్ట్జ్‌కు వాడితే దాదాపు సగం పవర్ దారిలోనే ఆవిరి. కేబుల్ పై పొర మీదుగా నాయిస్ లోపలికి రాకుండా సెట్టు దగ్గర చోక్ (రింగు మీద కేబుల్ చుట్టిన అడ్డు) కావాలి. ఎఫ్‌టీ140-43 రింగు మీద సన్నని ఆర్‌జీ-174 పది చుట్లు చుట్టినది వేశాం. తీసి చూస్తే తేడా వెంటనే వినిపించింది.

రాతి గోడకూ కాంక్రీటు బంకరుకూ ఇక్కడే తేడా తెలుస్తుంది. బంకరులో ఇనప చువ్వల జాలీ ఉంటుంది కాబట్టి యాంటెన్నా లోపల పెడితే ఏదీ వినపడదు. కొండపల్లిలో రాయీ సున్నమే, అందుకే లోపల వేసిన ఒక మీటరు పొడవు తీగకు కూడా 40 మీటర్ల బ్యాండు నీరసంగా వినిపించింది. రెండు మీటర్ల బ్యాండు (145 మెగాహెర్ట్జ్ దగ్గరిది) మాత్రం ఆ మందపు గోడల మధ్య పూర్తిగా చచ్చిపోయింది. 5 వాట్ల హ్యాండీతో (చేతిలో పట్టే సెట్టు) గుంటూరు స్టేషన్‌ను పిలిస్తే గరగర తప్ప జవాబు లేదు. పదడుగులు నడిచి దక్షిణం వైపు గోడ మీదికి వస్తే అదే హ్యాండీ, అదే రబ్బరు యాంటెన్నా, గొంతు పక్కింట్లోంచి మాట్లాడినట్టుంది. ఎత్తు పనికొచ్చేది ఈ రెండు మీటర్ల లాంటి వీహెచ్‌ఎఫ్ బ్యాండ్లకే. 200 మీటర్ల ఎత్తు నుంచి రేడియో చూపు 58 కిలోమీటర్లు, గుంటూరు నేరుగా కొలిస్తే అందులో సగం చిల్లరే.

కోతుల గురించి కూడా చెప్పాలి. తిండి సంచీ కంటే కేబులే వాటికి ఇష్టం. నేల మీద పడున్న నల్ల కోయాక్స్ కేబుల్‌ను ఓ పిల్లకోతి కొరికి పైతోలు వలిచింది. లోపలి అల్లిక తెగకపోతే టేపు చుట్టి నడిపించొచ్చు, కానీ ఆ సందులోంచి తడి దిగితే నెల తిరక్కుండా అల్లిక నల్లబడుతుంది. ఇంటికొచ్చాక ఆ చోట కోసి కొత్త బీఎన్‌సీ ప్లగ్గు వేయడమే మేలు. కేబుల్‌ను నేలకు ఆనకుండా గొట్టం మీదుగా పైకి లాగి, తలెత్తులో తాడుకు వేలాడదీస్తే అవి పట్టించుకోవు.

గేటు మూసేలోపు దిగాలి కాబట్టి నాలుగింటికే సర్దడం మొదలుపెట్టాం. ముందు బ్యాటరీ ఊడదీసి, తర్వాత తీగ కొసలు విప్పి, ఆఖరున గొట్టం దించాలి. తీగ చెక్క మీద ఎనిమిది అంకెలా చుడితే మళ్లీ విప్పేటప్పుడు చిక్కు పడదు.