రాతి వంతెన అవతల పుస్తకాల కోట

లాత్వియా రాజధాని రీగాలో మాస్టర్స్ చదువుతూ ఫుడ్ డెలివరీ చేస్తున్నా. డౌగవ నది మీదున్న రాతి వంతెనని రోజుకి నాలుగైదు సార్లు సైకిల్ మీద దాటాలి, దాటగానే ఎదురుగా కొండలా ఏటవాలుగా లేచిన పెద్ద గ్లాసు బిల్డింగ్ కనిపిస్తుంది, మొదటి రెండు నెలలూ ఏదో బ్యాంకు అనుకున్నా. ఒక సాయంత్రం ఆర్డర్లు లేక, చలికి వేళ్ళు కొంకర్లు పోయి లోపలికి వెళ్తే తెలిసింది, అది లాత్వియా నేషనల్ లైబ్రరీ అని. జనం దాన్ని గైస్మస్ పిల్స్ అంటారు, అంటే వెలుగు కోట. వాళ్ళ పాత కథలో మునిగిపోయిన కోట ఒకటుంది, జనానికి స్వేచ్ఛ వచ్చినప్పుడు మళ్ళీ పైకి లేస్తుందట.

దేశం 1918 నవంబర్‌లో పుడితే లైబ్రరీ 1919 ఆగస్టు 29న పుట్టింది, అంటే ఇంకా స్వాతంత్ర్య యుద్ధం ఆగకముందే పుస్తకాల గురించి ఆలోచించారు! 1940లో సోవియట్లు, 1941లో నాజీలు, 1944లో మళ్ళీ సోవియట్లు. ఎవరొస్తే వాళ్ళ ఇష్టప్రకారం పుస్తకాలు షెల్ఫుల్లోంచి మాయమయ్యాయి. 1966లో లైబ్రరీకి విలిస్ లాత్సిస్ పేరు పెట్టారు, ఆయన నవలా రచయితే కానీ ఏళ్ళ తరబడి సోవియట్ లాత్వియా ప్రభుత్వాధినేత కూడా, 1949 మార్చిలో 42 వేల మందికి పైగా జనాన్ని సైబీరియాకి తరలించినప్పుడు ఆ ఆర్డర్ మీద సంతకం ఆయనదే. అమ్మానాన్నల్ని అలా పోగొట్టుకున్న పిల్లలు పెద్దయ్యి ఆ పేరున్న గుమ్మం దాటి చదువుకోడానికి వెళ్ళాల్సి వచ్చింది, అది తల్చుకుంటే నాకు గుండె పట్టేసినట్టుంటుంది.

నేను ఎక్కువగా పార్సిళ్ళు తీసుకునే హోటల్ కిచెన్‌లో ఒక పెద్దావిడ పనిచేస్తుంది. చదువుకునే రోజుల్లో ఆవిడ అడిగిన పుస్తకం "స్పెత్స్‌ఫోండ్స్"లో ఉందన్నారట, అంటే తాళం వేసిన విభాగం. స్వతంత్ర లాత్వియా కాలం నాటివి, దేశం వదిలి వెళ్ళినవాళ్ళు బయట అచ్చేసుకున్నవి అందులో పెట్టేవాళ్ళు, పర్మిషన్ లెటర్ లేకపోతే ముట్టుకోనివ్వరు. తన భాష పుస్తకం తనకే ఇవ్వలేదని చెప్తున్నప్పుడు ఆవిడ గిన్నె తోమడం ఆపేసింది.

అదే ఆవిడ 2014 జనవరి 18న చలిలో ఆ వంతెన మీద నిలబడింది. పాత లైబ్రరీ నుంచి కొత్త దానికి దాదాపు రెండు కిలోమీటర్లు, సుమారు 14 వేల మంది వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పుస్తకాలు అందించారు. గ్లౌజులు తీసేసి పట్టుకుందట, అట్ట చేతికి తగలాలని.

ఈ బిల్డింగ్ డిజైన్ చేసిన గున్నార్ బిర్కెర్ట్స్ కూడా వలస వెళ్ళినవాడే, రీగాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో దేశం వదిలి, అమెరికాలో పెద్ద ఆర్కిటెక్ట్ అయ్యాడు. వెళ్ళిపోయినవాడి చేత్తోనే ఇంటి పుస్తకాలకి ఇల్లు కట్టించారు, బయట బతుకుతున్న నాకు ఆ సంగతి చాలా నచ్చింది.

లోపల, జానపద పాటలు పోగేసిన క్రిష్యానిస్ బారన్స్ పాటల బీరువా ఉంది, రెండు లక్షలకి పైగా చీటీలు, ఒక్కోటి సన్నటి చిన్న కాగితం ముక్క, ఒక్కో దాని మీద చిన్న అక్షరాల్లో చేత్తో రాసిన పాట. నేను రోజూ మెట్లెక్కి పార్సిళ్ళు ఇచ్చే బారన్ వీధి ఆయన పేరే, పాత లైబ్రరీ కూడా ఆ వీధిలోనే ఉండేది.

మధ్యలో ఐదంతస్తుల ఎత్తున జనం ఇచ్చిన పుస్తకాల షెల్ఫు ఉంది, ఇచ్చేవాళ్ళు మొదటి పేజీలో అది తమకెందుకు ముఖ్యమో రాయాలి. నాన్న దగ్గర అట్ట ఊడిపోయిన తెలుగు నిఘంటువు ఉంది, నాకు అక్షరాలు దిద్దించాక మాటలు వెతకడం నేర్పింది దాంట్లోనే. పంపమని మొన్న ఫోన్ చేశా, సరే అన్నాడు కానీ ఇంకా పంపలేదు, రోజూ రాత్రి ఒకసారి తిరగేస్తున్నాడని అమ్మ చెప్పింది.