కొండపల్లిలో తెల్లపొణికి మొక్కలు

"మేడమ్, ఆకు వెనక తెల్లటి నూగుంది, రాసుకోనా?" అని ఏడో తరగతి పాప అడిగింది. పొద్దున కొండపల్లి కొండ కింద తెల్లపొణికి మొక్కలు నాటుతున్నాం. "అదే రాయమ్మా" అన్నాను.

మన బొమ్మల కొలువులో పెట్టే కొండపల్లి బొమ్మలు, దశావతారాలు, ఏనుగు అంబారీ ఈ చెట్టు చెక్కతోనే చేస్తారు. తేలికగా, మెత్తగా ఉంటుంది. గింజ పెంకు మాత్రం మహా గట్టి, ఓ పట్టాన మొలవదు. చెట్టు లేకపోతే బొమ్మలు చేసేవాళ్ల పనీ పోయినట్టే.

అందుకే మొక్కతో పాటు ప్రతి ఒక్కరికీ నోట్‌బుక్ ఇచ్చాం. ఒకడు చీమల దారి గురించే అరపేజీ రాశాడు! నాటి, ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లను చాలామందిని చూశాం. రాసిన పిల్లాడు మాత్రం మళ్లీ వచ్చి చూసుకుంటాడు, నాకు ఆ నమ్మకం గట్టిగా ఉంది.

విజయవాడ నుంచి ఆదివారం వచ్చేవాళ్లు నీళ్ల క్యాన్లు, పెన్ను తెచ్చుకోండి.