పర్మిట్ లేకుండా ఏసీ మార్పించకండి

మా డాలస్ వైపు ఏసీ, ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే హీటర్) మార్చాలంటే చాలా ఊళ్లలో సిటీ నుంచి మెకానికల్ పర్మిట్, అంటే ఇలాంటి పనులకిచ్చే అనుమతి, తీసుకోవాలి. మా ఇంట్లో వాటిని మార్చడానికి అడిగితే ఒక కాంట్రాక్టర్ "పర్మిట్ ఎందుకండీ, అది వద్దంటే రేటు తగ్గిస్తా" అన్నాడు. నాకు మనసొప్పలేదు. అటిక్‌లో, అంటే ఇంటి పైకప్పు కింద ఖాళీలో, గ్యాస్‌తో మండే ఫర్నేస్, సరిగ్గా దాని కిందే పిల్లలు పడుకునే గది.

పని వేరే వాళ్లకి ఇచ్చాం, పర్మిట్ వాళ్లే తెచ్చారు. అంతా అయ్యాక పని చూడ్డానికి సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. టార్చ్ పట్టుకుని నిచ్చెనెక్కి, పొగగొట్టం అతుకు దగ్గర ఆగిపోయాడు. అక్కడ స్క్రూలు బిగించలేదు! ఆ గొట్టం ఊడితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకే వస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. యూనిట్ కింద ట్రేలో నీళ్లు నిండితే ఏసీని ఆపేసే ఫ్లోట్ స్విచ్‌ని కూడా వేలితో ఎత్తి చూశాడు. ఆ రోజు పాస్ చెయ్యలేదు. స్క్రూలు పడ్డాకే ఓకే చేశాడు. ఆయనకి ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకి ఒక్క మాట. టెక్సాస్‌లో ఈ పని చేసే కాంట్రాక్టర్‌కి టీడీఎల్ఆర్ (లైసెన్సులిచ్చే టెక్సాస్ ప్రభుత్వ శాఖ) లైసెన్స్ ఉండాలి. నంబరు టీఏసీఎల్ (TACL) అని మొదలవుతుంది, ఆన్‌లైన్‌లో కొట్టి చూడండి. పర్మిట్ ఎవరు తీస్తారో, ఫీజు ఎవరిదో కొటేషన్‌లోనే రాయించుకోండి.