అమ్మవారి కన్నీరు, రాక్షసుడి మొలతాడు

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. మెట్లు మెట్లుగా గీసిన పట్టిక, మొత్తం 55 గళ్ళు. అంచున మా అబ్బాయి వంకర అక్షరాల్లో పేర్లు: పెద్ద కత్తి, విల్లు, దుడ్డుకర్ర, అమ్మవారి కన్నీరు, గొలుసు చొక్కా, శాలువా, రాక్షసుడి మొలతాడు, చేతి తొడుగులు, అట్లకాడ, పెనం. ఇంటికొచ్చినవాళ్ళు ఏదో బడి ప్రాజెక్టు అనుకుంటారు. అది టీమ్‌ఫైట్ టాక్టిక్స్ అనే ఆటలో సామాను జాబితా. వాడికి పద్నాలుగేళ్ళు. ఆరేళ్ళు ఆదివారం తెలుగు తరగతికి తిప్పాను. ఎవరూ అడగకుండా వాడు తెలుగులో రాసిన మొదటి కాగితం మాత్రం ఇదే. అందుకే ఫ్రిజ్ మార్చినప్పుడు కూడా జాగ్రత్తగా ఒలిచి కొత్తదానికి అంటించాను.

మొదట్లో ఆ ఆట పేరెత్తితేనే నాకు ఒళ్ళు మండేది. వాణ్ణి ఏడో ఏట చదరంగంలో చేర్పించాం. మాది తెనాలి. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు మా వీధిలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక చదరంగం బల్ల వెలిసింది. మావారిది వరంగల్, ఆయనకి అర్జున్ ఇరిగేశి మా ఊరివాడని గర్వం. ఇద్దరం కలిసి ఇక్కడ అమెరికాలోని ఎడిసన్‌లో పిల్లాణ్ణి టోర్నమెంట్లకి తిప్పాం. పన్నెండో ఏట వాడు పావులు పెట్టెలో సర్దేసి ఈ ఆట పట్టుకున్నాడు. "ఇది కూడా చెస్సేనమ్మా, ఆటో చెస్ అంటారు" అని నన్ను ఓదార్చబోయాడు. పేరు సంగతి నిజమే. 2019 జనవరిలో డ్రోడో అనే చైనా బృందం డోటా 2 అనే ఇంకో కంప్యూటర్ ఆట లోపల ఒక కొత్త ఆట కట్టి దానికి ఆటో చెస్ అని పేరు పెట్టింది. అది ఎంత పాకిందంటే, అదే ఏడాది జూన్‌లో రయట్ కంపెనీ టీమ్‌ఫైట్ టాక్టిక్స్ తెచ్చింది.

"మరి చెస్సే ఆడొచ్చుగా?" అన్నాను.

"చెస్‌లో ప్రతి మూవ్ నేనే చెయ్యాలి. ఇందులో ఫైట్ మొదలైతే నేనేం చెయ్యలేను. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాను, ఎవరికి ఏమిచ్చాను, అంతే. తర్వాత వాళ్ళే చూసుకుంటారు."

బీరకాయ చెక్కుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ మాట వాడికి ఆట నియమం. నాకు ఆ రాత్రంతా అదే తిరిగింది.

ఆ ఫిబ్రవరిలో మంచు పడి బడి మూసేసిన రోజున వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎనిమిది మంది ఆటగాళ్ళు. బంగారం పెట్టి వీరుల్ని కొనుక్కుని బల్ల మీద నిలబెడతారు. మధ్యమధ్యలో రాక్షసుల్ని కొడితే సామాను రాలుతుంది. అది తయారైన ఆయుధం కాదు, సగం సరుకు. రెండు సగాలు ఒకే వీరుడి చేతికిస్తే అక్కడికక్కడే కలిసిపోయి పూర్తి వస్తువవుతుంది. దుడ్డుకర్ర, విల్లు కలిస్తే పోట్లాట సాగేకొద్దీ వేగం పెరిగే కత్తి. గొలుసు చొక్కాలు రెండైతే ముళ్ళ కవచం. చేతి తొడుగులు రెండైతే దొంగ తొడుగులు: ప్రతి రౌండుకీ ఏవో రెండు వస్తువులు అవే పట్టుకొస్తాయి, ఏవొస్తాయో ఎవరికీ తెలీదు. ఒకసారి కలిశాక మామూలుగా విడదీయలేం. అందుకే కలిపే ముందు పిల్లలు గోళ్ళు కొరుక్కుంటారు.

పేర్లన్నీ ఇంగ్లీషులో గడగడా చెబుతుంటే నాకు ఒక్కటీ నిలవలేదు. "తెలుగులో చెప్పు, గుర్తుంటుంది" అన్నాను. వాడు చూసిన చూపు బాగా గుర్తుంది. అదొక పందెంలా తోచింది వాడికి. కత్తి, విల్లు తనే చెప్పాడు. 'టియర్ ఆఫ్ ది గాడెస్' దగ్గర కాసేపు ఆలోచించి, "గాడెస్ అంటే అమ్మవారు కదా, అమ్మవారి కన్నీరు" అన్నాడు. ఆ పదం వాడికి ఎవరూ నేర్పలేదు. గుడిలో పూజారి నోట ఎప్పుడో విన్నది, లోపల ఎక్కడో దాచుకున్నాడు.

మిగతావి మా అమ్మ పెట్టింది. మాకు శనివారం పొద్దున తొమ్మిదైతే తెనాలిలో రాత్రి ఏడున్నర. అప్పటిదాకా ఆ ఫోను "తిన్నావా", "తిన్నాను", "బాగా చదువుతున్నావా", "ఆ" దగ్గర అయిపోయేది. ఆ వారం వాడే ఫోన్ లాక్కున్నాడు.

"అమ్మమ్మా, చాలా పెద్ద స్టిక్‌ని ఏమంటారు? అంత పెద్దది అక్కర్లేదు, అయినా పెద్దది."

"దుడ్డుకర్ర అంటార్రా."

"జెయింట్ బెల్టు?"

"జెయింట్ అంటే రాక్షసుడేగా? రాక్షసుడికి బెల్టేంట్రా, మొలతాడు ఉంటుంది గానీ."

వాడు ఆ మొలతాడుకి మూడు రోజులు నవ్వాడు. నడిచి వెళ్తూ తనలో తను అనుకుని నవ్వడం నేను చూశాను.

ఆటలో మొదటినుంచీ ఒక వింత వస్తువుంది, గరిటె లాంటిది, స్పాచులా. 2024లో దానికి తోడుగా ఫ్రైయింగ్ ప్యాన్ వచ్చింది. దానికి తెలుగు వెతకాల్సిన పనే లేదు: అట్లకాడ, పెనం. వరంగల్ నుంచి మా అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. "పెనం కాదు బిడ్డా, పెంక అనాలె" అన్నారు. కాగితం మీద ఇప్పుడు రెండూ ఉన్నాయి, మధ్యలో గీత పెట్టి. తెలుగు ఒక్కటే అయినా అది ఒక్క తీరుగా ఉండదని వాడికి ఆ రోజే తెలిసింది.

ఈ రెండింటినీ చేర్చాక పట్టిక తిరగ గీయాల్సొచ్చింది. ఒకటే రెండు కలిపినా జతే కాబట్టి, ఎనిమిదింటితో జతలు 36. పది అయ్యేసరికి 55. ఏ జతకి ఏమొస్తుందో, ముఖ్యంగా అట్లకాడ, పెనం జతలు, సెట్టు, అంటే ఆటలో కొత్త విడత, మారితే మారిపోతాయి. సెట్లు ఏడాదికి మూడు దాకా వస్తాయి. అందుకే పెన్సిలుతో రాశాడు.

ఇందులో నాకు బాగా నచ్చింది వీళ్ళు 'స్లామ్' అనే పద్ధతి. మంచి జత కోసం సరుకు దాచుకుని కూర్చుంటే, ఆ లోపు దెబ్బలు తిని ప్రాణం సగం కరిగిపోతుంది. చేతిలో ఉన్నవాటితో ఏదొస్తే అది కలిపేసి ముందు నిలబడాలి. నాకు వెంటనే అయోవా గుర్తొచ్చింది. 2006లో మేం మొదట దిగింది అక్కడి ఒక చిన్న ఊళ్ళో. ఇండియన్ కొట్టు గంటన్నర దూరం. రవ్వకి బదులు క్రీమ్ ఆఫ్ వీట్‌తో ఉప్మా చేసేదాన్ని. బిస్క్విక్ పిండిలో పాలపొడి కలిపి గులాబ్ జామూన్. దీపావళికి అవే, పెళ్ళిరోజుకీ అవే. వాడికి ఇదంతా చెబితే, "నువ్వు స్లామ్ చేశావన్నమాట" అన్నాడు చాలా గౌరవంగా. మేం పడ్డ కష్టాలు ఎన్నోసార్లు చెప్పాను, ఎప్పుడూ అంత శ్రద్ధగా వినలేదు.

ఆ చనువుతోనే అసలు మాటా బయటికొచ్చింది. వాణ్ణి నేను గాత్రంలో చేర్పించాను. ప్రతి ఉగాదికీ వేదిక మీద నిలబెట్టి ఒక కీర్తన పాడించేదాన్ని. పదమూడేళ్ళకి గొంతు మారుతోంది, వాడికి మైకు ముందు నిలబడాలంటే కడుపులో తిప్పేది. ఆ ఏడాది ఉగాదికి పది రోజుల ముందు, నేను శ్రుతి పెట్టెలు వెతుకుతుంటే మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఒక్కొక్కళ్ళకి మూడే వస్తువులు. నేను వెనక నిలబడేవాణ్ణి. నువ్వు నాకు ముందు వరసవాడి కవచాలు తొడుగుతున్నావ్."

ఆటలో ఇది అందరికీ తెలిసిన తప్పు. మొలతాడు మంచి వస్తువే, కవచమూ మంచిదే. దూరం నుంచి బాణం వేసేవాడికి అలాంటివే మూడూ పెడితే బల్ల మీద చాలాసేపు బతికే ఉంటాడు, ఎవర్నీ కొట్టలేడు. నాకు కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. నేనిచ్చినవి మంచివా కావా అన్నదే ఇన్నాళ్ళూ చూసుకున్నాను. ఎవరికిస్తున్నానో చూడలేదు. ఆ ఉగాదికి వాడు పాడలేదు. ఇప్పుడు మృదంగం నేర్చుకుంటున్నాడు. వేదిక మీద పక్కకి తిరిగి కూర్చుంటాడు, పాడేవాళ్ళ ముఖం చూస్తూ. ఇంట్లో బల్ల మీద, కారు డ్యాష్‌బోర్డు మీద, చెల్లెలి వీపు మీద అవే వేళ్ళు.

ఇంకొకటి చెప్పాలి, అది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆటలో ప్రతి వీరుడూ ఒకటో రెండో మూడో గుంపులకి చెందుతాడు. ఒకే గుంపువాళ్ళు ఎక్కువైతే గుంపు మొత్తానికీ బలం. అట్లకాడకో పెనానికో ఇంకో సరుకు కలిపితే ఒక చిహ్నం వస్తుంది, ఎంబ్లమ్. దాన్ని పెట్టుకున్నవాడు వేరే గుంపులోనూ లెక్కకొస్తాడు. పాత గుంపు పోదు. అది విని నేను పొంగిపోయాను. "చూశావా, నేనెప్పుడూ చెప్పేదదే! ఇక్కడా నీదే, అక్కడా నీదే."

వాడు తల అడ్డంగా ఊపాడు. "స్లాట్ పోతుందమ్మా."

మూడు చోట్లలో ఒకటి ఆ చిహ్నానికే ఖర్చవుతుంది. ఆ చోట ఉండాల్సిన కత్తి ఉండదు. "తెనాలి వెళ్ళినప్పుడు నేను మొత్తం టైమ్ అమెరికా వాడినే. ఇక్కడ బడిలో దీపావళి ఎందుకు చేస్తారో ప్రతి ఏడూ నేనే చెప్పాలి. జోష్‌ని క్రిస్మస్ గురించి ఎవరూ అడగరు." అప్పటికే ఆ గుంపులో ఉన్నవాడికి అదే చిహ్నం పెట్టబోతే ఆట ఒప్పుకోదట, అక్కర్లేదు కాబట్టి. తెనాలిలో నాకు ఎప్పుడూ అక్కర్లేకపోయింది. పుట్టుకతోనే ఉన్నదానికి వెల ఎంతో నాకెలా తెలుస్తుంది? రెండూ నీవే అని పదమూడేళ్ళు తేలిగ్గా చెబుతూ వచ్చాను, ఊరికే వస్తుందన్నట్టు. వాడు లెక్క చూసుకుంటున్నాడు. ఆ రోజు నేను వాడి జుట్టు నిమిరి ఊరుకున్నాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

మొన్న శనివారం ఫోన్లో మా అమ్మ అడిగింది, "ఇన్ని కలుపుతావు కదరా నాన్నా, అట్లకాడా పెనం కలిపితే ఏమొస్తుంది?"

నేను చెప్పబోయాను, వాడు చేత్తో ఆపాడు. తెలుగులో చెప్పాలని లోపల కూడబలుక్కుంటున్నాడు. ఆటలో ఆ జతకి ఒక ఉత్తరీయం లాంటిది వస్తుంది, దాంతో మన జట్టులో ఒకర్ని అదనంగా నిలబెట్టుకోవచ్చు.

"ఇంకొకళ్ళకి చోటు వస్తుంది, అమ్మమ్మా."

"అదేం కొత్త? పిండి ఉండాలే గానీ అట్లకి ఇంకొకళ్ళొచ్చినా సరిపోతుంది."

"పిండికి ఏం కలపాలి?"

అమ్మ చెప్పింది. వాడు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాడు. పట్టిక కింద చోటు చూసి 56వ గడి గీశాడు. మినప్పప్పు ఒకటి, బియ్యం రెండు. ఇది మాత్రం పెన్నుతో రాశాడు.